గాలి వచ్చే గది

ఆ ఇంట్లో గాలి ఆడే గది ఒక్కటే. దానికి ఎప్పుడూ తాళం వేసి ఉండేది.

మూడో అంతస్తులో మూడు గదుల ఇల్లు. ముందుగది రోడ్డు వైపు, వంటగది పక్కింటి గోడ వైపు. వెనక గదికి మాత్రం రెండు పెద్ద కిటికీలు, వాటి అవతల ఖాళీ స్థలం. ఇంటాయన లిఫ్టు మెకానిక్. మొదటి భార్య జబ్బుపడి రెండేళ్ళు ఆ గదిలోనే మంచం పట్టింది, ఆ గదిలోనే పోయింది. ఆయన దానికి తాళం వేసేశాడు. తర్వాత కొన్నాళ్ళకు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు గానీ తాళం తీయలేదు.

రెండో భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. పద్నాలుగేళ్ళ సవతి కూతురు ఆమెను పిన్నీ అని పిలుస్తుంది. పిల్ల పిలుపు విని విని మెట్ల మీద ఎదురుపడేవాళ్ళు కూడా పిన్నిగారూ అనడం మొదలుపెట్టారు. పెద్దా చిన్నా అందరికీ ఆమె పిన్నే అయి కూర్చుంది.

నిరుడు ఎండాకాలమంతా ముగ్గురూ ముందుగదిలో ఉడికిపోయారు. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పి తిప్పి ముఖాన కొట్టేది. చీటికీ మాటికీ ఒకరి మీద ఒకరు విసుక్కుని, చివరికి మాట్లాడుకోవడమే తగ్గించేశారు. ఈసారి అలా కానివ్వకూడదనుకుంది పిన్ని. పిల్లకు సెలవులివ్వగానే భోజనాల దగ్గర మాట కదిపింది.

"ఏవండీ, ఎండలు ముదరకముందే వెనక గది సర్దుకుంటే ముగ్గురం హాయిగా అక్కడ పడుకోవచ్చు కదా. ఆవిడ వస్తువులు జాగ్రత్తగా ఒక పక్కన పెడతాను."

ఆయన కంచంలోంచి తలెత్తలేదు. "నీ ఇష్టం," అన్నాడు. తాళంచెవి బల్ల మీద పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పిన్ని దుకాణానికి సెలవు పెట్టింది. తలుపు తీయగానే ముక్కిపోయిన పరుపు వాసన, మందుల వాసన కలిసి గుప్పున కొట్టాయి. తలవైపు పైకి లేచే ఇనప మంచం, పట్టుకుని నడిచే స్టాండు, బేసిన్లు, వేడినీళ్ళ సంచి, సగం వాడిన మాత్రల అట్టలు, స్టూలు మీద ఒక చేతిగంట. పిన్ని అట్టపెట్టెలు తెచ్చుకుంది, దాచాల్సినవి దాచడానికి. పిల్ల ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చి, చేతికందినదల్లా గుమ్మం బయటికి విసరడం మొదలుపెట్టింది.

"ఆగవే, అది అమ్మ శాలువా. ఉంచుదాం."

"ఎందుకు? ఎవరు కప్పుకుంటారు, నువ్వా?"

పిన్ని మాట తేలిక చేద్దామని, "నిన్ను సర్దమంటే ఇల్లే ఖాళీ చేయించేటట్టున్నావే తల్లీ," అంది. పిల్ల నవ్వలేదు. పిన్ని పెట్టెలో సర్దినవి కూడా ఒక్కొక్కటే బయటికి తీసింది. పిన్ని శాలువా కొస పట్టుకుని వదలకపోతే, అప్పుడు చెప్పింది.

"ఆ గంట మోగితే నేను పరిగెత్తుకు రావాలి. హోంవర్కు చేస్తున్నా, అన్నం తింటున్నా. బేసిను పట్టాలి, తుడవాలి, పక్క మార్చాలి. అమ్మ ఈ గదిలో లేదు పిన్నీ. అమ్మ వంటింట్లో ఉండేది, గిన్నెలు తోముతూ కిటికీలోంచి పక్కింటావిడతో పోట్లాడుతూ. ఇక్కడున్నది జబ్బే."

పిన్ని చేతిలోంచి శాలువా జారిపోయింది.

పాత సామాన్లవాణ్ణి కిటికీలోంచి పిల్లే కేకేసింది. మధ్యాహ్నానికి గది బోసిపోయింది. ఇద్దరూ కలిసి నేల కడిగి, కొత్త కర్టెన్లు వేలాడదీసి, చాపలు పరిచారు. కిటికీలు బార్లా తెరవగానే గాలి రయ్యిమని వచ్చింది. పిల్ల చాప మీద వాలి, నోరు తెరుచుకుని పసిపిల్లలా నిద్రపోయింది. ఆ ముఖం చూసి, చేసింది మంచి పనేననుకుంది పిన్ని.

సాయంత్రం ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకునే గది గుమ్మం దాకా వచ్చాడు.

"మంచమేది?"

ఆయన చూపు గది నాలుగు మూలలా తిరిగింది.

"ఒక పక్కన పెడతానన్నావు కదా! ఏవీ అన్నీ?"

పిన్ని పిల్ల వైపు చూసింది. పిల్ల గోడ వైపు చూస్తోంది.

"పాడైపోయాయండీ. నేనే ఇచ్చేశాను," అంది పిన్ని.

"తను పోయాక కదా నీకీ ఇంట్లో చోటు దొరికింది. ఇప్పుడు ఆనవాలు కూడా ఉండకూడదన్నమాట," అన్నాడాయన. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు.

వంటింట్లో పిల్ల వెనకనుంచి వచ్చి నిలబడింది. "నువ్వే ఇచ్చేశావని ఎందుకు చెప్పావు?"

"నిన్నేమైనా అంటే నువ్వు తట్టుకోలేవని."

"నువ్వు తట్టుకుంటావా?"

పిన్ని కుళాయి తిప్పి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది.

మర్నాడు ఆయన పనికి వెళ్ళకుండా పాత సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. అప్పటికే మంచాన్ని ముక్కలు కోసేశారు. తలవైపు చట్రం ఒక్కటే దొరికితే దాన్నే మోసుకొచ్చి, ఖాళీ గదిలో గోడకు ఆనించి, దాని ఎదురుగా కూర్చున్నాడు. పిల్ల గుమ్మంలోంచి చాలాసేపు చూసింది. ఇక ఆగలేకపోయింది.

"నాన్నా, పారేయించింది నేను. పిన్ని వద్దనే అంది."

ఆయన తల తిప్పాడు.

"ఆ మంచం మీద నువ్వెప్పుడైనా కూర్చున్నావా? గుమ్మంలోనే నిలబడి ఎలా ఉందని అడిగి వెళ్ళిపోయేవాడివి. గంట మోగితే నన్ను పంపేవాడివి."

ఆయన లేచాడు. కొడతాడేమోనని పిన్ని అడ్డం వచ్చింది. ఆయన కొట్టలేదు. గోడకు చెయ్యి ఆన్చి, "నాకు భయమేసేది," అన్నాడు.

"నాకు వెయ్యలేదనుకున్నావా?"

ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇంట్లో గొడవేమీ జరగలేదు. ఆయన పిన్నికి క్షమాపణ చెప్పలేదు, పిల్లను తిట్టలేదు. అడిగి మరీ ఎక్కువ డ్యూటీలు వేయించుకున్నాడు. ఇంట్లో ఉన్నంతసేపూ ముందుగదిలోనే, చెమటకు తడిసిన బనీనుతో గోడకు జారగిలబడి ఉండేవాడు. పిల్లా, పిన్నీ వెనక గదిలో ఉండేవారు. ఇనప చట్రాన్ని అక్కణ్ణుంచి తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చాపలు దానికి ఎడంగా వేసుకునేవారు.

సెలవు దొరికిన మధ్యాహ్నాల్లో పిన్ని ముందుగది గుమ్మం దగ్గరికి వెళ్ళి పిలిచేది. "ఏవండీ, అక్కడ చల్లగా ఉంది. కాసేపు వచ్చి కూర్చోండి."

"వస్తాలే," అనేవాడు ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. వచ్చేవాడు కాదు.

ఎండలు తగ్గుముఖం పట్టేసరికి ఆమె పిలవడం మానేసింది.