తాళం వేసిన డిస్కు

జర్మనీ ఉత్తర తీరాన ఉన్న నోర్డెన్‌లో ఆదివారం మధ్యాహ్నం టీ తాగని ఇల్లుండదు. అతిథి కప్పులో చెంచా పెట్టేదాకా పోస్తూనే ఉండాలి, పెట్టాక మాత్రం చుక్క పోయకూడదు. ఫ్రౌకె ఇంట్లో ఉండేది తనూ, కూతురు టోమ్కె మాత్రమే గనక చెంచాల గొడవ లేదు. టోమ్కె చాలనుకుంటే కప్పు పక్కకు తోసేసేది.

ఆ రోజూ ఫ్రౌకె కప్పుల్లో కలకండ వేసి వేడి టీ పోసింది. కలకండ చిటపటమంది. టోమ్కె కప్పు అందుకుంది. గాజులోంచి కనిపించినట్టు, ఆమె వేళ్లలోంచి కప్పు మీది ఎర్ర గులాబీ కనిపించింది.

ఫ్రౌకె గబుక్కున లేచి బీరువా తెరిచి టోమ్కె డిస్కు తీసింది. అంచు చుట్టూ తుప్పులాంటి మచ్చలు లోపలికి పాకుతున్నాయి.

ఆ ఊరి పిల్లల తొలి అడుగులన్నీ ఫోటో స్టూడియో ఆయనే వీడియో తీసి డిస్కులకెక్కించాడు. అప్పటినుంచి వాళ్ల ప్రాణం సగం వాటిలోనే ఉంటుంది. ఎదురింటి కుర్రాడు తన డిస్కు మీద పూలకుండీ పెట్టి, ఈనాటికీ కుంటుతున్నాడు. జ్వరమని వెళ్తే డాక్టరు నాలుక తర్వాత చూస్తాడు, ముందు డిస్కు చూపించమంటాడు.

కాపీ ఎప్పుడో తీసుకోవాల్సింది. కానీ ఎవరికి కావాలన్నా తన దగ్గరికే రావాలని స్టూడియో ఆయన ప్రతి డిస్కుకీ తాళం వేశాడు. తర్వాత దుకాణం మూసేసి ఎటో వెళ్లిపోయాడు. ఆ తాళం తీసే సాఫ్ట్‌వేర్ ఉందని ఫ్రౌకె తమ్ముడు హాయో చెవినిల్లు కట్టుకుని పోరాడు. ఫ్రౌకె మునిసిపాలిటీ ఉద్యోగి, రోడ్డు మీద పురుగు లేకపోయినా ఎర్ర దీపానికి ఆగే మనిషి. సొంతానికి కాపీ తీసుకోవచ్చు గానీ తాళం పగలగొట్టకూడదని చట్టంలో ఉందనేది. చట్టాన్ని నువ్వే కన్నట్టు మాట్లాడతావేమిటక్కా అని హాయో ఎత్తిపొడిచేవాడు.

ఇప్పుడు కబురందగానే ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని సైకిలు మీద వచ్చాడు. ఎత్తిపొడవలేదు. తాళం, డబ్బా మూత ఊడినంత తేలిగ్గా ఊడింది. దీనికోసమా ఇన్నేళ్లు ఆగానని ఫ్రౌకెకు ఏడుపొచ్చింది.

డ్రైవు ఆ డిస్కును నడిమి నుంచి అంచు వైపు చదువుకుంటూ పోతోంది. తెరమీద సముద్రపు గట్టు, గొర్రెలు, పడుతూ లేస్తూ బుల్లి టోమ్కె. అంతలో డ్రైవు కీచుమని ఆగింది. తెరమీద ప్రశ్న వచ్చింది: ఈ భాగం చదవడం కుదరదు, వదిలేసి ముగించాలా?

హాయో డిస్కు తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ అక్కడే ఆగింది. టోమ్కె చేతిలోంచి, భుజం దాకా, వెనక ఉన్న సోఫా చారలు కనిపిస్తున్నాయి.

"చలేస్తోందమ్మా," అంది.

ఫ్రౌకె ఆమెకు దుప్పటి కప్పింది. చెయ్యి ఉండాల్సిన చోట దుప్పటి చదునుగా పడింది. 

హాయో గొంతు తగ్గించి, "చివర్లో ఏముందక్కా?" అన్నాడు.

"నేను. చేతులు చాచి పిలుస్తాను, వచ్చి ఒళ్లో పడుతుంది. మొత్తం డిస్కులో నేనున్నది అక్కడే."

హాయో మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. "నా వల్ల కాదక్కా," అన్నాడు.

ఫ్రౌకె కూతురి వైపు చూసింది. "నన్నొక్కసారి పిలువే," అంది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు, బంగారం."

వదిలేయమని నొక్కింది.

కొత్త డిస్కు వెచ్చగా బయటికొచ్చింది. టోమ్కె భుజం నిండింది, మోచేయి నిండింది, మళ్లీ కప్పు అందుకున్న వేళ్లు దాని మీది గులాబీని కప్పేశాయి. హాయో కళ్లు తుడుచుకున్నాడు. టోమ్కె మాత్రం సోఫా అంచుకు జరిగి, ఒద్దికగా కూర్చుని, ఫ్రౌకె పోసిన టీ పోసినట్టల్లా తాగింది. తర్వాత చెంచా తీసి కప్పులో పెట్టింది.

"టీ చాలా బాగుందండీ," అంది. "మామయ్యా, ఇక బయల్దేరదామా? పాపం, ఈవిడకి చాలా శ్రమ ఇచ్చాం."

హాయో ల్యాప్‌టాప్ మూసేశాడు. టోమ్కె కోటు కోసం లేచింది.

ఎర్ర దీపం ఏనాడూ దాటని ఫ్రౌకె, కప్పులోంచి ఆ చెంచా తీసి పక్కన పెట్టింది. కలకండ వేసింది.

"ఇంకొక్క కప్పు. కూర్చో తల్లీ," అంటూ టీ పోసింది.

టోమ్కె ఆ కప్పు వంకా, ఆమె వంకా చూసి, మెల్లగా కూర్చుంది.