సంధ్యారాణి లాగిన్

నాహీద్ ఫోను పెట్టేసిన చప్పుడుకు, రక్తం ఇవ్వడానికి చెయ్యి చాపి కూర్చున్న ముసలమ్మ ఉలిక్కిపడింది.

"సూది నాకు గుచ్చుతరు గద బిడ్డా, నువ్వెందుకు గరమైతున్నవ్?" అంది.

మామూలు రోజైతే నాహీద్ నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. ఆమె చెవుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజినీరు వంశీ మాటే ఇంకా గింగురుమంటోంది. "మా వైపు అంతా బాగానే ఉందండీ. నేను ఓపెన్ చేశాను, మీరూ ఓపెన్ చేశారు. ఆవిడ ఒక్కరికే రావట్లేదంటే తప్పెక్కడుందో మీరే ఆలోచించండి. మీ వైపు వాళ్లకి సమ్మెల మీద ఉన్న శ్రద్ధలో సగం కంప్యూటర్ మీద ఉంటేనా..."

ఆ మాట పూర్తి కాకముందే ఆమె ఫోను పెట్టేసింది.

హరిప్రసాద్ గారి రక్తపరీక్షల ల్యాబ్ జగిత్యాలలో ఉంది. కోరుట్లలో ఒక సెంటరు, సిరిసిల్లలో ఒకటి. మూడు చోట్లా కంప్యూటర్లున్నా పనంతా జరిగేది నాహీద్ బల్ల పక్కనున్న సర్వర్‌లోనే. సిరిసిల్లలో సంధ్యారాణి, కోరుట్లలో బాలలక్ష్మి ఇంటర్నెట్ మీదుగా రిమోట్ డెస్క్‌టాప్‌లో ఈ సర్వర్‌లోకే వస్తారు. ఎవరి లాగిన్‌లో వాళ్లు రిపోర్టులు తయారుచేసి, వాళ్ల దగ్గరే ప్రింటు తీసుకుంటారు. ఆరేళ్లుగా ఈ ఏర్పాటంతా చూసుకుంటున్నది నాహీదే. ఆ ఇద్దరికీ పని నేర్పిందీ ఆమే.

వారం కిందట పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టించారు. సకల జనుల సమ్మెతో బస్సులు లేవని వంశీ జగిత్యాలకు రాలేదు. హైదరాబాదులో కూర్చునే సర్వర్‌లోకి వచ్చి, రెండు కరెంటు కోతల నడుమ హడావుడిగా ఇన్‌స్టాల్ చేసి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచీ సంధ్యారాణికి అది తెరుచుకోవడం లేదు. తెర మీద దాని బొమ్మ నొక్కగానే సెట్టింగులు లేవని ఒక ముక్క కనిపించి, మూసుకుపోతోంది.

మొదటి రోజే నాహీద్ తన బల్ల దగ్గర తెరిచి చూసింది. చక్కగా తెరుచుకుంది. ఇంకేముంది, సిరిసిల్లకు ఫోను చేసి ఎడాపెడా తిట్టింది. "నా దగ్గర మంచిగ నడుస్తున్నది. నువ్వేం ఒత్తుతున్నవో ఏమో! నేర్పిందంత గంగల కలిపినవ్ గదనే!"

సంధ్యారాణి అప్పుడే నెమ్మదిగా అంది. "నేను ఒత్తేది ఒక్కటే బొమ్మ అక్కా. ఒక్క బొమ్మను ఎన్ని తీర్ల తప్పు ఒత్తుత?"

ఆ మాటను నాహీద్ పట్టించుకోలేదు.

హరిప్రసాద్ తన గదిలోంచి కాగితం పట్టుకొని వచ్చాడు. పని పూర్తయిందని కంపెనీ పంపిన ఫారం. మిగిలిన సమస్యకు కారణం అన్న చోట 'సిబ్బందికి కంప్యూటర్ రాకపోవడం' అని ఉంది.

"సంతకం వెట్టు నాహీదమ్మా. సిరిసిల్లల ఇంకో పిల్లను జూస్త. రేపటి సంది ఆమెను రావద్దని చెప్పిన."

"రేపటి సందా? సార్, వాల్లింట్ల బట్ట నేసే సాంచాలు బందున్నయి. కరెంటు లేక మామ, మొగడు ఇద్దరు ఖాళీగ కూసున్నరు. గిప్పుడు ఆమె కొలువొక్కటే ఇల్లు నడుపుతున్నది."

"నాకు మాత్రం సంబురమా? పేషెంట్లు రిపోర్టు లేక తిరిగిపోతున్నరు. సాయంత్రం దాక టైమిస్తున్న. ఏమన్న జేస్తె చెయ్యి, లేకుంటె సంతకం వెట్టు."

కాగితం బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు.

ఒంటిగంటకు నాహీద్ భర్త షోయబ్ టిఫిను డబ్బా తెచ్చాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్. సమ్మె మొదలైనప్పటి నుంచీ పొద్దున శిబిరంలో కూర్చుంటాడు, మధ్యాహ్నం వంట చేస్తాడు. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకొని డబ్బా పక్కకు నెట్టింది.

"పప్పుల ఉప్పు లేదు."

"వెయ్యలే. నీ మొఖం జూస్తె ఉప్పు, కారం రెండు ఆడనే ఉన్నయి." ఆమె ఉరిమి చూసేసరికి తగ్గాడు. "ఏమైందో చెప్పు."

ఆమె చెప్పింది. చెబుతూ చెబుతూ కళ్లలో నీళ్లొచ్చాయి, కోపంతోనే. షోయబ్ అంతా విని తల గోక్కున్నాడు.

"నాకు గీ కంప్యూటర్ ఎర్కలేదు. గని బస్సు రిపేరైనంక డ్రైవర్ మంచిగున్నదంటె నేను నమ్మ. ఎన్క సీట్ల కూసోని రెండు కిలోమీటర్లు పోత. ఎన్క సీటు కుదుపు ముంగట కూసున్నోనికి ఏం తెలుస్తది?"

నాహీద్ చెయ్యి ఆగిపోయింది.

వంశీ ఏ లాగిన్‌లో ఇన్‌స్టాల్ చేశాడో, ఏడు రోజులుగా తాను తెరిచి చూస్తున్నది కూడా ఆ లాగిన్‌లోనే. అడ్మినిస్ట్రేటర్. ఇన్‌చార్జి కదా అని ఆరేళ్లుగా ఆమె అందులోనే పనిచేస్తోంది. సంధ్యారాణి సీట్లో ఒక్కసారి కూర్చొని చూడలేదు.

వెంటనే ఫోను చేసింది. "సంధ్యా, నీ పాస్‌వర్డ్ చెప్పు."

అవతల సంధ్యారాణి గొంతు తగ్గించింది. "జైతెలంగాణ అక్కా. అన్ని ఇంగ్లీషు చిన్నక్షరాలు. సార్‌కు చెప్పకు."

నాహీద్ తన బల్ల దగ్గరే, తన చేత్తోనే సంధ్యారాణి లాగిన్‌లోకి వెళ్లి బొమ్మ మీద నొక్కింది. సెట్టింగులు లేవు. మూసుకుపోయింది. మళ్లీ నొక్కింది. అంతే.

కోరుట్లకు ఫోను కలిపింది.

"నాకు సుత గంతే అక్కా," అంది బాలలక్ష్మి భయంభయంగా. "సంధ్యను నువ్వు తిట్టినవని ఎర్కైంది. అందుకే చెప్పలే. చేత్తోనే రాసిస్తున్న."

నాహీద్‌కు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద ముందు కోప్పడాలో తెలియక, సాఫ్ట్‌వేర్‌తో పాటు కంపెనీ ఇచ్చిన సీడీ తెరిచి అందులోని సూచనల పుస్తకం చదవడం మొదలుపెట్టింది. నాలుగో పేజీలోనే ఉంది. ఒకే సర్వర్‌ను పలువురు వాడే చోట ముందు అందరినీ బయటికి పంపాలి. ఇది అందరి కోసమని సర్వర్‌కు ఒక ఆదేశం ఇవ్వాలి. ఆ తర్వాతే ఇన్‌స్టాల్ చేసి, అయ్యాక సర్వర్‌ను మామూలు స్థితికి తేవాలి. లేకపోతే సెట్టింగులన్నీ ఇన్‌స్టాల్ చేసిన మనిషి దగ్గరే ఉండిపోతాయి.

హరిప్రసాద్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని, స్పీకర్ పెట్టి వంశీకి ఫోను చేసింది.

"మీ పుస్తకంల నాలుగో పేజీ సదివిన్రా సార్?"

"ఏ పుస్తకం అండీ?"

ఆమె చదివి వినిపించింది. అటు నుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది.

"అదా... చిన్న సెట్టింగండీ. ఈ వారంలో పది సైట్లు చేశాను, కంగారులో మిస్సయ్యుంటుంది."

"చిన్నదా? గా చిన్నదానికి ఆడ ఒక ఆడామె కొలువు పోతున్నది. కంప్యూటర్ రాదని రాసిచ్చిన్రు గద! ఎవలకు రాదు సార్? సదువు రానోల్లం మేమా, సదువొచ్చి సదవనోల్లు మీరా?"

వంశీ మళ్లీ సర్వర్‌లోకి వచ్చి, నాలుగో పేజీ ప్రకారం ముందు అందరినీ బయటికి పంపాడు. నాలుగింటి కరెంటు కోతకు ముందే అంతా తీసేసి మళ్లీ పెట్టాడు. ఐదు నిమిషాలకు సంధ్యారాణి ఫోను. "తెరుసుకున్నది అక్కా! ప్రింటు అస్తున్నది!"

ఆ వెనకే కొత్త ఫారం వచ్చింది. కారణం మారింది. 'సిబ్బందికి శిక్షణ ఇచ్చిన తర్వాత సమస్య పరిష్కారమైంది.'

"రేపు ఆమెను రమ్మని చెప్త. పని అయింది గద, ఇగ లొల్లి వద్దు. సంతకం వెట్టు," అన్నాడు హరిప్రసాద్.

నాహీద్ పెన్ను తీసి ఆ వాక్యాన్ని కొట్టేసింది. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసింది. కింద తెలుగులో రాసింది. 'ఇన్‌స్టాల్ చేసిన వారు నాలుగో పేజీ చదవలేదు.' పెన్ను ఎత్తి, ఒక్క క్షణం ఆగి, ఇంకో వాక్యం చేర్చింది. 'జగిత్యాల ఇన్‌చార్జి తన లాగిన్‌లో తప్ప వేరే లాగిన్‌లో చూడలేదు.' దాని కింద సంతకం పెట్టింది.

"నీ మీద నువ్వే రాసుకుంటవా?"

"అబద్ధమైతె కొట్టెయ్యున్రి సార్."

ఆయన కొట్టెయ్యలేదు. ఆమె స్కాన్ చేసి పంపేసింది.

తర్వాత సిరిసిల్లకు ఫోను చేసి, "సంధ్యా, తప్పు నాదేనే. వారం రోజులు నిన్ను ఉత్తగనే..." అని మొదలుపెట్టింది.

సంధ్యారాణి మధ్యలోనే ఆపింది. ఇన్నేళ్లలో ఆమె గొంతు అంత కటువుగా నాహీద్ ఎప్పుడూ వినలేదు.

"గిప్పుడు చెప్పకు అక్కా. గిప్పుడు ఈడ ఎవ్వల్లేరు. నువ్వు తిట్టినప్పుడు నా ఫోను స్పీకర్ల ఉండె. పదిమంది పేషెంట్లు, అండ్ల మా మామ దోస్తులు. మా ఇంట్ల వారం సంది నన్ను గంగల కలిపినామె అనే పిలుస్తున్నరు. రేపు పొద్దుగాల పదింటికి చెయ్యి. గప్పుడు మంది ఉంటరు. స్పీకర్ పెడ్త."

ఫోను పెట్టేసింది.

మర్నాడు నాహీద్ గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది. పది కొట్టగానే సిరిసిల్ల నంబరు నొక్కింది. అవతల ఫోను ఎత్తారు. ఏవో మాటలు, చిన్నపిల్ల ఏడుపు, ఎవరిదో దగ్గు వినిపించాయి.

"చెప్పు అక్కా," అంది సంధ్యారాణి. "అందరు ఇంటున్నరు."