నడిపింది ఎవరు?

నేను ఒక కారునని చెప్పుకోవడానికి ఈ మధ్య కొంచెం మొహమాటంగా ఉంటోంది. నాలుగు చక్రాల్లో రెండింటికి గాలి లేదు. బ్యాటరీ ఎవరో పట్టుకుపోయారు. వెనక సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. పెద్దాపురం శివార్లలోని ఈ తుక్కు దొడ్డిలో నా వంతు వచ్చేదాకా ఎండలో నిలబడడమే ఇప్పుడు నాకున్న పని. అలసిపోయాను. అయినా ఒక్క సంగతి చెప్పాలనుంది. నా జీవితంలో జరిగిందంటూ ఉంటే అదొక్కటే. మిగతాదంతా రోడ్డు.

మద్రాసు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నా ఒంటి రంగుకి అక్కడ ఏదో గొప్ప పేరు పెట్టారు గాని, పెద్దాపురంలో అందరూ 'బూడిదరంగు కారు' అనే అన్నారు. నన్ను మొదట కొన్నది ఒక బియ్యం మిల్లు యజమాని. నిమ్మకాయలు తొక్కించాడు, కొబ్బరికాయ కొట్టాడు, సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు వాటంతట అవి చిరిగేదాకా తియ్యనివ్వలేదు. ఇంజను ఆయిలు మార్పించడం మాత్రం మరిచిపోయేవాడు. ఆ భారం దేవుడి మీద వేశాడనుకుంటాను. కొన్నాళ్ళకి ఇంకా పెద్ద కారు మీద మనసుపడి, నన్ను లక్ష్మీపతి గారికి అమ్మేశాడు.

లక్ష్మీపతి గారు డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఏ విషయానికైనా నిబంధన ఏమిటో చెప్పగల నోరు. ఆయన భార్య భాస్కరమ్మ గారు పెద్దగా మాట్లాడేవారు కాదు. మోకాళ్ళ నొప్పులతో నా వెనక సీటులోకి నెమ్మదిగా ఎక్కి, దిగేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు.

మొదట్లో ఆయనే నడిపేవారు. తర్వాత తర్వాత గేటు స్తంభానికి నా ఎడమవైపు రాసుకోవడం మొదలైంది. ఎడమ అద్దం రెండుసార్లు విరిగింది. ప్రతిసారీ తప్పు స్తంభానిదే అయింది. ఆయన కళ్ళకి నీటికాసులు. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది, పక్కచూపు మాత్రం కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది. డాక్టరు చెప్పిన రోజు ఆయన ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, నాలో కూర్చుని, చాలాసేపు స్టార్టు చెయ్యలేదు. ఇంటికి వెళ్ళి భార్యతో "కళ్ళజోడు మార్చాలట" అన్నారు. లైసెన్సు గడువు తీరినా, కళ్ళు చూపించుకోవాల్సి వస్తుందని రెన్యువలూ చేయించలేదు. నూకరాజు అనే కుర్రాణ్ణి డ్రైవరుగా పెట్టుకున్నారు.

నూకరాజు చేతులు నాకు నచ్చాయి. గేరు వేస్తే నిద్రపోతున్న పిల్లని పక్కకి జరిపినట్టు వేసేవాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు ఇంటి స్థలం పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి ఇప్పించింది లక్ష్మీపతి గారే. అందుకని ఆయనంటే వాడికి భక్తి. ఆర్టీసీలో డ్రైవరు ఉద్యోగానికి పరీక్ష నెగ్గాడు, పిలుపు కోసం ఎదురు చూస్తున్నాడు. దారిలో ఆయన వాడికి పాఠాలు చెప్పేవారు.

"చూడు నూకరాజూ, బండి ఎవరికైనా తగిలిందనుకో. చిన్న దెబ్బే కదా అని పారిపోకూడదు. ఆపాలి. మనిషిని ఆస్పత్రికి చేర్చాలి. పేరూ అడ్రసూ ఇవ్వాలి. ఒక్కరోజు దాటకుండా పోలీసులకి చెప్పాలి, బీమా వాళ్ళకీ చెప్పాలి. నడిపింది ఎవరని అడిగితే ఓనరు ఉన్నదున్నట్టు చెప్పి తీరాలి. చట్టం అది."

"ఆయ్" అనేవాడు నూకరాజు.

ఆ రోజు సామర్లకోటలో చుట్టాల గృహప్రవేశం. పొద్దున్నే పట్టు పంచె కట్టుకుని వచ్చి, నూకరాజు చేతిలోంచి తాళాలు తీసుకున్నారు లక్ష్మీపతి గారు. చుట్టాల ముందు కారు తనే నడుపుకుంటూ దిగాలన్న సరదా ఆయనది.

"లైసెన్సు అయిపోయింది కదండి అయ్యగారూ" అన్నాడు నూకరాజు మెల్లగా.

"అయిపోయింది కాగితం. చేతులు అయిపోలేదు."

నూకరాజు ఎడమపక్క సీటులో కూర్చున్నాడు. కాలవగట్టు రోడ్డు ఖాళీగా ఉంది. వంతెన దగ్గర ఎడమ సందులోంచి ఒక స్కూటరు వచ్చింది. అది నాకు కనపడింది. నూకరాజుకీ కనపడింది.

"ఎడం పక్కనండీ! బ్రేకండీ, బ్రేకు!"

వాడు అరుస్తూనే హ్యాండు బ్రేకు లాగేశాడు. నేను దాదాపు ఆగిపోయాను. ఆ దాదాపులోనే నా ఎడమ మూల వెళ్ళి స్కూటరు వెనక చక్రానికి తగిలింది. స్కూటరు పక్కకి ఒరిగింది. దాని మీదున్నావిడ చెయ్యి ఆనించి గట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు చిన్నది. ఇంజను ఆగిపోయి ఉంది గనక నాకు వినిపించింది.

ఆవిడ పేరు సలోమి. అంగన్‌వాడీ టీచరు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నది నూకరాజే. లక్ష్మీపతి గారు స్టీరింగు వదలకుండా అలాగే బిగుసుకుపోయి ఉన్నారు. చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. కొబ్బరి దింపుళ్ళు తీసే అతనొకడు దూరంగా చెట్టు మీదున్నాడు. ఇలాంటప్పుడు వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతారు. భాస్కరమ్మ గారు తలుపు తీసి, "ముందు ఆ అమ్మాయిని ఎక్కించు నూకరాజూ. ఆస్పత్రికి పద" అన్నారు. అప్పుడు లక్ష్మీపతి గారు దిగి, నా ముందునుంచి తడుముకుంటూ చుట్టూ తిరిగి, ఎడమపక్క సీటులోకి మారారు. ఆ నిమిషంలో అది సహజంగానే కనపడింది.

దారిపొడుగునా సలోమి విరిగిన చేతిని ఒళ్ళో పట్టుకుని, నొప్పికి పళ్ళు బిగబట్టి, మధ్యమధ్య భాస్కరమ్మ గారితో అంటూనే ఉంది.

"ఆ కుర్రోణ్ణి ఏమీ అనకండమ్మా. పాపం వణికిపోతున్నాడు. కావాలని గుద్దుతాడేంటి? ఉద్యోగంలోంచి తీసెయ్యకండి."

ఇప్పుడు స్టీరింగు నూకరాజు చేతుల్లో ఉంది. లక్ష్మీపతి గారు ఎదురుగా రోడ్డు చూస్తున్నారు. భాస్కరమ్మ గారు కిటికీ వైపు తిరిగారు.

ఆస్పత్రిలో మణికట్టు విరిగిందన్నారు. రోడ్డు మీద తగిలిన దెబ్బ కాబట్టి స్టేషనుకి కబురు పంపాలన్నారు. సలోమికి కట్టు కడుతుండగా లక్ష్మీపతి గారు నూకరాజుని ఆవరణలో నా పక్కకి తీసుకొచ్చారు. రహస్యం చెప్పుకోవాల్సి వస్తే మనుషులు కారు చాటుకి చేరతారు. మేము వినమని వాళ్ళ నమ్మకం.

"నువ్వు నడిపావని చెప్పు" అన్నారాయన. "నీకు లైసెన్సుంది. బీమా వాళ్ళు ఇచ్చేస్తారు, ఆవిడకీ మంచిదే. నేనంటే మొత్తం చిక్కు పడుతుంది. ఈ వయసులో, ఈ ఊళ్ళో, నేను స్టేషన్లో నిలబడాలా?"

"నాకు ఆర్టీసీ నించి పిలుపొచ్చేలా ఉందండి. కేసుంటే తీసుకోరంటున్నారండి."

"చిన్న కేసయ్యా. రాజీలో పోతుంది. నేనున్నాను కదా."

నూకరాజు నా టైరు వైపు చూశాడు. ఆ చూపులో వాళ్ళ నాన్న ఉన్నాడు, ఇంటి పట్టా ఉంది. "అలాగేనండి" అన్నాడు. ఆ రెండు నిమిషాల్లో కుర్రాడు పదేళ్ళు పెద్దవాడైనట్టు కనిపించాడు.

మాట్లాడిన ఇద్దరూ మరిచిపోయినదేమిటంటే, నా వెనక కిటికీ అద్దం దించి ఉంది. లోపల భాస్కరమ్మ గారు మోకాలు రాసుకుంటూ కూర్చుని ఉన్నారు.

స్టేషన్లో హెడ్ కానిస్టేబులు బయటికి వచ్చి నా చుట్టూ తిరిగాడు. నొక్కుపడిన మూలని వేలితో తట్టాడు. ఇలాంటివి రోజూ చూసే మనిషి. అతనూ నాలాగే అలసిపోయి ఉన్నాడు.

"బండి నడిపింది ఎవరు?"

"నేనేనండి" అన్నాడు నూకరాజు.

అతను తలూపి, లోపలికి రమ్మన్నట్టు చెయ్యి చూపించాడు. అప్పుడు నా వెనక తలుపు తెరుచుకుంది. భాస్కరమ్మ గారు ఒక కాలు కింద పెట్టి, తలుపు పట్టుకుని, రెండో కాలు దింపి, నిలదొక్కుకున్నారు.

"కాదు బాబూ. నడిపింది ఈయన. ఆ అబ్బాయి పక్కన కూర్చున్నాడు. వాడు బ్రేకు లాగబట్టి ఆ అమ్మాయి బతికి ఉంది."

"భాస్కరం!" అన్నారు లక్ష్మీపతి గారు. అంత గట్టిగా ఆయన ఆవిడని పిలవడం నేనెప్పుడూ వినలేదు.

ఆవిడ గొంతు పెంచలేదు. "ఇన్నేళ్ళూ మీరేం రాసినా నేను అడగలేదు. అది మీ ఉద్యోగం. ఇవాళ రాసేది ఈ కుర్రాడి నుదుటి మీద. ఆ సలోమి దారంతా వీణ్ణి ఏమీ అనొద్దని నన్ను బతిమాలింది. నేను ఆవిడ మొహం చూడలేకపోయానండి."

నూకరాజు ఏడ్చేశాడు. హెడ్ కానిస్టేబులు లక్ష్మీపతి గారి వైపు తిరిగాడు.

"ఏమండీ, నిజమేనా?"

అన్ని నిబంధనలూ తెలిసిన ఆయన తల ఊపారు.

తర్వాతవన్నీ విసుగు పుట్టించేవే. బ్రేకులు పరీక్షించే ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా నేను స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద కాకుల రెట్టలు భరిస్తూ ఉన్నాను. లైసెన్సు లేకుండా నడిపారు కాబట్టి బీమా వాళ్ళు ఆయన వైపు చూడలేదు. సలోమి వైద్యం, పనికి వెళ్ళలేని నాళ్ళ జీతం ఆయనే పెట్టుకున్నారు. కోర్టులో తప్పు ఒప్పుకున్నట్టు వకీలే చెప్పి జరిమానా కట్టించాడు. ఊళ్ళో కొందరు నవ్వారు. చాలామంది రెండు రోజులు మాట్లాడుకుని మరిచిపోయారు. ఆయన అంత భయపడింది దానికే.

సలోమికి నిజం తెలిశాక కోపం వచ్చిందట. పలకరించడానికి ఆటోలో వెళ్ళిన భాస్కరమ్మ గారిని మొదటిసారి గుమ్మంలోనే నిలబెట్టి, "ఆయన రాలేదేమమ్మా?" అని అడిగిందట. ఆ మాట భాస్కరమ్మ గారు ఇంటికొచ్చి చెప్పారు. ఆయన వినిపించుకోలేదు. ఆయన భార్యతో మాట్లాడడం మానేసి అప్పటికే చాలా రోజులైంది. కావలసినవేవో గాలికి చెబుతున్నట్టు చెప్పేవారు.

నూకరాజుకి ఆర్టీసీ పిలుపు వచ్చింది. చెప్పి వెళదామని వస్తే లక్ష్మీపతి గారు పేపరు దించలేదు. వాడు భాస్కరమ్మ గారి కాళ్ళకి దణ్ణం పెట్టి, వెళుతూ వెళుతూ నా బానెట్ మీద ఒకసారి చెయ్యి వేశాడు. ఆ తర్వాత నన్ను నడిపేవాళ్ళు లేరు. కొత్త డ్రైవర్ని పెట్టుకోలేదు. ఆయనకి పక్కచూపు పూర్తిగా పోయింది. నేను వాకిట్లో దుమ్ము కప్పుకుని మిగిలిపోయాను. నిజం చెప్పినందుకు ఎక్కువ నష్టపోయింది ఎవరయ్యా అంటే నేనే. ఆ మాట ఫిర్యాదుగా అనడం లేదు. ఉన్న సంగతి అంతే.

చివరికి ఒక ఉదయం తుక్కు వ్యాపారి వచ్చాడు. లక్ష్మీపతి గారు చేతికర్ర పట్టుకుని నా పక్కన నిలబడ్డారు. భాస్కరమ్మ గారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. వ్యాపారి బేరం తగ్గించడానికి వంకలు వెతుకుతూ నా ఎడమ మూల దగ్గర ఆగాడు.

"ఇదేంటండి, ఇంత నొక్కు? మీ డ్రైవరు ఎక్కడో గుద్దేశాడా?"

వరండాలో చేతులు ఆగిపోయాయి.

లక్ష్మీపతి గారు ఆ నొక్కుని చేత్తో తడిమారు. అవునంటే సరిపోయేది. ఆ వ్యాపారికి జవాబు అక్కర్లేదు, ధర కావాలి.

"డ్రైవరు కాదయ్యా. నేనే" అన్నారాయన. "కళ్ళు ఆనడం లేదని తెలిసీ నడిపాను. సలోమి అని ఒక టీచరమ్మ. ఆవిడ చెయ్యి విరిగింది."

వ్యాపారి కంగారుపడ్డాడు. "అయ్యో, ఊరికే అడిగానండి" అన్నాడు.

"ఊరికే అడిగావనే చెప్పాను."

నన్ను లాగడానికి నా ముందు భాగానికి గొలుసు కట్టారు. అది నేల మీద ఈడుచుకుంటూ ఆయన ఎడమపక్కనుంచి వస్తోంది. ఆయనకి కనపడదు. భాస్కరమ్మ గారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, మోకాలు పట్టుకుని లేచి, మెట్లు దిగి వచ్చారు. ఆయన మోచెయ్యి పట్టుకుని, గొలుసు కాలికి తగలకుండా, ఆయన్ని ఒక అడుగు పక్కకి జరిపారు.

"ఎంతసేపు నిలబడతారు? లోపలికి రండి" అన్నారు.

ఆయన "పద భాస్కరం" అన్నారు.