భుజమెత్తు గీత

జకరయ్య వీపును గోడకు ఆనించి నిలబడి, భుజాన్ని చేత్తో తడిమి చూసుకున్నాడు. గోడ మీద ఎర్రమన్నుతో గీసిన గీత సరిగ్గా భుజానికే ఉంది. గీత కింద ఉండాల్సిన గోనెసంచుల దొంతర మాత్రం లేదు. ఆరంటే ఆరు సంచులు మిగిలాయి.

నంద్యాలలోని ఆ బియ్యం మిల్లులో సామాను గది ఇరవై రెండేళ్లుగా అతనిదే. దొంతర గీత దాకా దిగగానే గుంటూరు వ్యాపారికి కార్డు ముక్క రాసేవాడు. పద్నాలుగో రోజుకు కొత్త సంచులు రైల్లో వచ్చేవి. పాతవి సరిగ్గా అప్పటికి అయిపోయేవి. యజమాని శేషయ్య ఇచ్చిన రిజిస్టరు సిరాబుడ్డి కింద పీటగా పనికొచ్చింది. పెళ్లాం పోయిన రోజున కూడా కార్డు రాసిపెట్టాకే సమాధుల దొడ్డికి బయల్దేరాడని అనేవారు. అతను కాదనలేదు.

ఈసారి కార్డు రాసి పన్నెండు రోజులే అయింది.

"ఏందప్పా ఇది? బియ్యం నేల మీద పోస్తాండారు!" శేషయ్య గుమ్మంలోంచే అరిచాడు.

"గుంటూరోళ్లు ఆలస్యం చేసినారయ్యా."

"ఇంకా రెండు దినాలుంది గదా వాళ్లకు? మిల్లు ఆపిస్తాండా. పొద్దుగూకేలోగా సంచులు రాకుంటే తాళంచెవి ఆడ పెట్టి ఇంటికి పో."

శేషయ్య వెళ్లాక, బియ్యం చెరిగే ఓబులమ్మ గోడకేసి చూసింది. "దసరాకు సున్నం కొట్టినాంక గీత మళ్లా గీసింది నువ్వే గదన్నా?"

"నేనే. భుజానికి సరిగ్గా గీసినా."

ఆమె చేట అంచుతో గోడ గీకింది. సున్నం పెళ్లలు రాలాయి. జానెడు పైన పాత గీత బయటపడింది.

"గోడ పెరిగిందా ఏందన్నా?" అని నవ్వింది.

అతను నడుము నిటారు చేయబోయాడు. నడుము ఒప్పుకోలేదు. ఓబులమ్మ నవ్వు ఆపేసింది. అతను నేల నుంచి పాత గీత దాకా జానలతో కొలిచాడు. ఆరు.

మధ్యాహ్నం బస్సుకు ఆళ్లగడ్డ వెళ్లాడు. అక్కడి నూనె మిల్లు వెంకటేశ్వర్లు పాత పరిచయం మీద రెండు వందల సంచులు అప్పుగా ఇచ్చాడు. అవి బస్సు పైకి ఎక్కుతుంటే జకరయ్య ఒక పురికొస అడిగి తీసుకున్నాడు. దాన్ని ఆరు జానలు కొలిచి ముడేశాడు.

"అదెందుకప్పా?"

"నా తరువాత వచ్చేటోడు పొట్టోడైతే ఎట్లప్పా?"

వెంకటేశ్వర్లు నవ్వాడు. జకరయ్య నవ్వలేదు.

శిరివెళ్ల దాటాక అతని తల కిటికీ చువ్వలకు ఆనింది. నిద్రపోతున్నాడనుకుని కండక్టరు కదిలించలేదు. నంద్యాలలో ముందు సంచులు దించారు, ఆ తరువాత అతన్ని దించారు.

పొద్దుగూకక ముందే మిల్లు మళ్లీ తిరిగింది.

అతని పిడికిట్లోంచి తీసిన పురికొసను ఓబులమ్మ సామాను గదిలో మేకుకు తగిలించింది. అది సన్నగా వేలాడుతూ ఉంది, కొసన ముడి రెండుసార్లు బిగించి వేసి ఉంది.