క్లోజప్ వద్దన్న వడ్డాణం

"వడ్డాణం మీద క్లోజప్ వద్దంట. కెమెరా పెళ్లికూతురు ముఖం మీదే ఉండాలంట."

గిద్దలూరు కల్యాణ మండపంలో పెళ్లికూతురి గది తలుపు కొంచెం తెరిచి, ఆ సందులోంచి చెప్పి వెళ్లిపోయాడు శ్రీకాంత్. ముహూర్తం చీర కుచ్చిళ్లకు ఇస్త్రీ పెడుతున్న సుచరిత తల ఎత్తలేదు. భర్త చెప్పిన తీరు మామూలుగానే ఉంది. మాటే మామూలుగా లేదు.

పెళ్లిళ్లకు ఫొటోలు తీసే మనిషితో ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్న ఆడది ఆమె. ఏ పెళ్లికి పోయినా ముందుగా వచ్చే హుకుం ఒక్కటే: నగలు బాగా పడాలి. అత్తగారు పెట్టే నగైతే ఇక చెప్పక్కర్లేదు. పసుపు కుంకుమల పళ్లెంలో పెట్టె ఉంచి, మూత తెరిచి, అత్తగారి చేతులతో సహా తీయించుకుంటారు. ఆల్బంలో దానికి ఒక పేజీ నిండా చోటు. రాళ్లు మెరవలేదని మళ్లీ తీయించుకున్నవాళ్లున్నారు. అలాంటిది, బంగారం పెడుతున్నవాళ్లే దాని దగ్గరికి కెమెరా రావద్దంటారా?

'నీకు అన్నీ అనుమానాలే' అంటుంది అత్త. శ్రీకాంత్ తల్లి, తనకు సొంత మేనత్తే. పాలవాడు నీళ్లు కలిపాడన్నా అదే మాట, కొడుకు ఫోను పట్టుకుని బాత్రూంలోకి పోతున్నాడన్నా అదే మాట. ఆ మాట పదే పదే విని, ఏదైనా తేడాగా కనిపించినప్పుడల్లా తప్పు కనిపించినదానిలో లేదేమో, తన కళ్లలోనే ఉందేమో అనుకోవడం అలవాటైపోయింది సుచరితకు. ఇప్పుడూ అదే అనుకుని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

బస్టాండు దగ్గర తమ స్టూడియో బోర్డు మీద పెద్ద అక్షరాలతో శ్రీకాంత్ పేరు ఉంటుంది. కింద చిన్న అక్షరాలతో 'బ్రైడల్ మేకప్ ఉచితం' అని ఉంటుంది. ఆ ఉచితమే సుచరిత. ఒంగోలులో నేర్చుకుని వచ్చిన పని. బ్రష్షులు ఆమెవి, క్రీములు ఆమెవి, బంగారం లేనివాళ్లకు అద్దెకివ్వడానికి పూత పూసిన వన్ గ్రామ్ నగలు కొన్నదీ ఆమే. పెళ్లికి పోయేముందు కెమెరా బ్యాటరీలు చార్జింగ్ పెట్టేది, వెంట వచ్చేవాళ్లకు ఉప్మా చేసేది, వచ్చాక వేల ఫొటోల్లోంచి ఆల్బంకి ఏరేది కూడా ఆమే. ఆ వేల ఫొటోల్లో ఆమె ముఖం ఒక్కదానిలోనూ ఉండదు. అక్కడక్కడా పాపిటబిళ్ల సర్దుతున్న చెయ్యి మాత్రం పడుతుంది. "నీ చెయ్యి అడ్డమొస్తాంది, తియ్యి" అంటాడు. ఆల్బం వేసేటప్పుడు ఆ చేతిని కూడా కత్తిరిస్తాడు. ఆ కత్తిరింపు కూడా చాలాసార్లు ఆమే చేసింది.

పెళ్లికూతురు కవిత అద్దం ముందు కూర్చుని ఉంది. బిడియస్తురాలు కాదు, భయస్తురాలూ కాదు. పొద్దున్నుంచి సుచరితను అక్కా అక్కా అంటూ కబుర్లు చెబుతోంది. కనురెప్పల మీద రంగు వేస్తుండగా తలుపు దబ్బున తెరుచుకుంది.

పెళ్లికొడుకు తల్లి వెంకటసుబ్బులమ్మ. వెలిగండ్ల దగ్గర భూములున్న మనిషి. వెనక నలుగురు ఆడవాళ్లు. చేతిలో కొత్త తువ్వాలు, తువ్వాల్లో వడ్డాణం. పెట్టె లేదు.

"ఇదిగో అమ్మాయ్. నా కోడలికి నేను పెట్టే వడ్డాణం. జాగర్త. ముందే చెప్తాండా, నీ చేతికి ఇస్తాండా."

వెనకున్న ఆడవాళ్ల వైపు తిరిగి మళ్లీ అంది. "చూసినారు గదా, ఈ అమ్మాయి చేతికే ఇచ్చినా."

"పెట్టె లేదా పెద్దమ్మా? తీశాక పెట్టుకోవడానికి ఉండాలి గదా" అంది సుచరిత.

"ఇంటికాడ మరిచిపోయినాం. ఏం, పెట్టె లేకుంటే బంగారం గాదా?" ఆడవాళ్లు నవ్వారు. వెంకటసుబ్బులమ్మ నవ్వలేదు. ఆమె చూపు గది మూలనున్న ఎర్ర బ్యాగు మీద నిలిచింది. "అందులో ఏంది? నీ గిల్టు నగలా? అచ్చం బంగారం మాదిరే ఉంటాయంటనే! తేడా తెలీదంట గదా ఎవరికీ?"

"అద్దెకిచ్చేవి పెద్దమ్మా."

"అట్లనా." ఆ 'అట్లనా' అవసరమైనదానికంటే పొడుగ్గా సాగింది. "సరే గానీ, పూలజడ ఇంకా రాలేదంట. గేటు కాడికి పోయి చూసి రాపో. ఇక్కడ నేనుంటాలే."

పెళ్లికొడుకు తల్లి పెళ్లికూతురి పూలజడ గురించి కంగారు పడటం సుచరిత ఎక్కడా చూడలేదు. అయినా వెళ్లింది. పొమ్మంటే పోవడం కాళ్లకు అలవాటు. గేటు దగ్గర పూలవాడు లేడు. పూలజడ ఎప్పుడో వచ్చి మెట్ల దగ్గర బుట్టలో ఉంది. బుట్ట తీసుకుని తిరిగి వచ్చేసరికి వెంకటసుబ్బులమ్మా లేదు, ఆడవాళ్లూ లేరు. కవిత ఒక్కతే కళ్లు మూసుకుని ఉంది, రంగు ఆరాలని సుచరితే చెప్పింది కాబట్టి.

ఎర్ర బ్యాగు ఉన్నచోటే ఉంది. జిప్పు మాత్రం సగం తెరిచి ఉంది.

సుచరిత ముందు అద్దం దగ్గర పెట్టి వెళ్లిన తువ్వాలు విప్పి వడ్డాణం చేతిలోకి తీసుకుంది. తను అద్దెకిచ్చేవాటి బరువే దానిదీ. లోపలి వైపు కొక్కెం దగ్గర పూత అప్పుడే కొంచెం వెలిసింది. తర్వాత బ్యాగు ముందు మోకాళ్ల మీద కూర్చుని లోపల చెయ్యి పెట్టింది. తన ప్లాస్టిక్ డబ్బాల కింద మెత్తగా ఏదో తగిలింది. మెరూన్ వెల్వెట్ పెట్టె. మూత మీద బంగారు దుకాణం ముద్ర. తెరిస్తే ఖాళీ. వడ్డాణం ఆకారంలో గుంట మాత్రం ఉంది.

ఇంటి దగ్గర మరిచిపోయిన పెట్టె!

వెంటనే అత్త గొంతు వినిపించింది, నీకు అన్నీ అనుమానాలే. ఈసారి ఆ గొంతుకు ఆమె జవాబు చెప్పలేదు. పెట్టెను చీర చెంగు కింద పట్టుకుని బయటికి నడిచింది.

మండపం వెనక జనరేటర్ పక్కన శ్రీకాంత్ టీ తాగుతున్నాడు.

"బావా, ఆ వడ్డాణం గిల్టుది."

అతను ఉలిక్కిపడలేదు. అది చూసి ఆమె ఉలిక్కిపడింది.

"మెల్లగా మాట్లాడు" అన్నాడు, అటూ ఇటూ చూసి. "అసలుది బ్యాంకులో ఉండాదంట. బోర్లు వేయించినారు, నీళ్లు పడలే. రెండు నెలల్లో విడిపిస్తారు. నంద్యాలలో నాకు తెలిసిన దుకాణం చూపించినా, అంతే. నీ దగ్గరవైతే నువ్వు గుర్తుపడతావని."

"వాళ్ల ఖాళీ పెట్టె నా బ్యాగులో దొరికింది."

టీ గ్లాసు పెదవుల దగ్గర ఆగింది. మళ్లీ కదిలింది. "దొరికితే దొరకనీ. ఏమైతాది? పోలీసుల దాకా పోరులే."

సుచరిత పోలీసుల మాట ఎత్తలేదు. ఎత్తని మాటకు జవాబు వచ్చిందంటే, ఆ మాట ఇంకెక్కడో, ఇంకెవరితోనో ముందే జరిగిందన్నమాట.

"పోలీసుల దాకా పోమని వాళ్లు నీకు చెప్పినారా బావా?"

శ్రీకాంత్ గ్లాసు కింద పెట్టాడు. "అట్ల గాదు సుచరితా. మొదట వాళ్లు నాతో ఇంత చెప్పలే. పొద్దున చెప్పినాది ఆ పెద్దమ్మ, పిల్ల తరఫోళ్లు ఎవరన్నా పట్టుకుంటే మేకప్ గదిలో మారిపోయిందంటామని. పట్టుకుంటేనే. నాలుగు రోజులు అనుకుంటారు, మరిచిపోతారు. వాళ్ల అక్క కొడుకు పెళ్లి మార్కాపురంలో ఉంది, మనకే ఇస్తామన్నారు. నీ మీద పడితే మాత్రం నేను లేనా?"

విడిపించే ఉద్దేశమే ఉంటే పెట్టె తన బ్యాగులో ఎందుకు దాచాలి? బంగారం ఒక దొంగ ఖాతాలో పోయిందంటే చాలు, కోడలు గానీ కోడలి పుట్టింటివాళ్లు గానీ అది ఎక్కడుందని జన్మలో అడగలేరు. ఆ దొంగ ఎవరో ఒకరు కావాలి. గిల్టు నగల బ్యాగు మోసుకు తిరిగే ఆడదానికంటే వీలైన దొంగ ఎవరు దొరుకుతారు? నేను లేనా అంటున్నాడు. ఉన్నాడు. పొద్దున తలుపు సందులోంచి క్లోజప్ వద్దని చెప్పినప్పుడు కూడా ఉన్నాడు, ఇదంతా తెలిసే ఉన్నాడు. గిద్దలూరు నుంచి హనుమంతునిపాడు దాకా ఎంతమంది తల్లులు కూతురి ఒంటి మీది బంగారమంతా తీసి తన ఒళ్లో పెట్టి, తలుపు దగ్గరేసుకుని పోలేదు! తనకంటూ ఉన్నది ఆ నమ్మకం ఒక్కటే. అది పోతే ఏ గదిలోకీ రానివ్వరు. శ్రీకాంత్ పని మాత్రం ఆగదు. ఉచితానికి ఇంకొకరు దొరుకుతారు.

"లోపలికి పో. ముహూర్తానికి టైమవుతాంది" అన్నాడు శ్రీకాంత్.

ఆమె లోపలికే పోయింది. గదిలో కవిత పక్కన తల్లి పుల్లమ్మ నిలబడి కూతుర్ని చూసి మురిసిపోతోంది. సుచరిత తలుపు గడియ వేసి, వడ్డాణాన్నీ పెట్టెనూ వాళ్ల ముందు పెట్టింది. ఏది ఎక్కడ దొరికిందో, భర్త ఏమన్నాడో ఏదీ దాచకుండా చెప్పింది. దుకాణం చూపించింది తన భర్తేనని కూడా చెప్పింది.

పుల్లమ్మ గడియ పడిందో లేదో మళ్లీ చూసుకుంది. "అమ్మా, నీకు దండం పెడతా. ఇప్పుడు ఎత్తొద్దు. బయట బంధువులంతా వచ్చి ఉండారు. తాళి పడనీ. తర్వాత నీ మీద మాటొస్తే నేను చెప్తా గదా, నువ్వు అట్లాంటిదానివి గాదని."

"తర్వాత చెప్పేమాట ఇప్పుడే చెప్పు పిన్నీ" అంది సుచరిత. "తర్వాత నువ్వు వియ్యపురాలివి. వాళ్లను కాదని నా తరఫున ఎట్ల చెప్తావు?"

వీటిని తీసుకెళ్లి తనే బయట అరిస్తే పగబట్టి చెప్పిందంటారు. ఊరుకుంటే దొంగంటారు. సుచరిత ఏం చేయాలో తోచక పెట్టె మూత మూసింది. ఆ మూత మీద కవిత చెయ్యి వేసింది.

"ఇటివ్వక్కా. పెట్టింది నాకు. అడగాల్సింది నేను."

"ముహూర్తం ముందర పెళ్లికూతురు గది దాటొద్దే!" అంది పుల్లమ్మ.

"అయితే ఆమెనే రమ్మను. అబ్బాయినీ తీసుకురమ్మను."

వచ్చారు. వెంకటసుబ్బులమ్మ, ఆమె కొడుకు పవన్, వెనక అటు పిన్నులు ఇటు మేనత్తలు. జనం కదిలితే కెమెరా కదలాలి కాబట్టి శ్రీకాంత్ కూడా. కవిత పళ్లెంలో పెట్టె, పెట్టె పక్కన వడ్డాణం ఉంచి అత్తగారి ముందు పట్టుకుంది.

"అత్తా, మీ పెట్టె దొరికింది, అక్క బ్యాగులో. అందులోకి ఎట్ల పోయిందో మీరే చెప్పాల. ఈ నగ పెట్టెలో పెట్టి, ఇది మేం పెట్టిన బంగారమేనని అందరి ముందర ఒక్క మాట అని, మీ చేత్తోనే నా నడుముకు కట్టండి."

వెంకటసుబ్బులమ్మ చెయ్యి చాపలేదు. ఆమె కళ్లు సుచరిత మీదికి పోయాయి. "ఈ మేకప్ దాన్ని అడుగు! దీని చేతికే గదా ఇచ్చినా! మార్చిందేమో! బ్యాగు నిండా గిల్టే గదా!"

ఎదురుచూసిన మాటే. అయినా చెవిన పడితే చెంపదెబ్బలా తగిలింది. సుచరిత భర్త వైపు చూసింది. శ్రీకాంత్ కెమెరా కిందికి దించి తెరలో ఏదో సరిచేసుకుంటున్నాడు.

"బావా" అంది సుచరిత. "ఈ వడ్డాణం ఏ దుకాణానిదో నువ్వు చెప్తావా, ఆ దుకాణానికి నన్నే ఫోన్ చేయమంటావా?"

అందరి తలలూ అతని వైపు తిరిగాయి. అతను, కెమెరాతోనే మాట్లాడుతున్నట్టు, "నంద్యాలది" అన్నాడు. "మొన్న తెచ్చినారు."

పవన్ తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, ఏంది ఇది?"

ఆ తర్వాత గదిలోకి మగపెద్దలు వచ్చారు. బోర్లు, బ్యాంకు, పరువు అన్నీ బయటికి వచ్చాయి. పవన్ తనకు తెలియదని ప్రమాణం చేశాడు. పెళ్లి ఆపుదామా అని మేనమామ అడిగితే కవిత కాసేపు అద్దంలోకి చూసింది. "ఈ అక్కను దొంగ అన్న మాట ఆమె వెనక్కి తీసుకోనీ. అప్పుడు వస్తా" అంది. వెంకటసుబ్బులమ్మ నేల చూస్తూ ఆ మాట వెనక్కి తీసుకుంది. సుచరిత కవిత చెదిరిన కాటుక సరిచేసి, పూలజడ వేసి, కుచ్చిళ్లు సర్దింది. పెళ్లికూతురు నడుముకు ఏమీ లేకుండా పీటల మీదికి నడిచింది.

ఎప్పుడూ ఆ సమయంలో స్టేజీ పక్కన లైటు పట్టుకుని నిలబడటం సుచరిత పని. చేతులు లాగుతున్నా దించకుండా, ఫ్రేములోకి రాకుండా. ఈసారి ఆమె స్టేజీ ఎక్కలేదు. నేరుగా వచ్చి కవిత మేనత్త సరళ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఏ పెళ్లిలోనైనా తాళి కట్టడం కూర్చుని చూడటం ఆమెకు ఇదే మొదలు. సరళ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా పాప పెళ్లి మాఘమాసంలో అమ్మాయ్. నువ్వే రావాల. మీ ఆయన నంబరు మావోళ్ల దగ్గర ఉంటాదిలే, చేయిస్తా."

"ఆయనకు గాదు పిన్నీ. నాకు చెయ్యి. డబ్బులు గూడా నాతోనే మాట్లాడు."

"అట్లయితే నీ నంబరు చెప్పు మరి" అంటూ సరళ ఫోను తీసింది.

స్టేజీ మీంచి శ్రీకాంత్ గట్టిగా పిలిచాడు. "సుచరితా! లైటూ!"

సుచరిత మొదటి మూడు అంకెలు చెప్పి ఆగింది. ఇన్నేళ్లలో ఏ తల్లీ తన నంబరు అడగలేదు. నాలుగో అంకె కోసం ఒక్క క్షణం వెతుక్కుంది. స్టేజీ మీంచి మళ్లీ పిలుపు వచ్చింది. ఆమెకు అంకె దొరికింది. సరళకు వినబడేలా చెప్పింది.