ఒక్క గంట పని

కోడలి నోటికి వీధిలో అందరూ జడిసేవారే. కానీ అత్తగారు జడిసినంతగా ఎవరూ జడిసి ఉండరు. అందులోనూ ఈ మధ్య ఆవిడకు చూపు మందగించింది. ఆ సంగతి మూడో కంటికి తెలియనివ్వలేదు.

అత్తాకోడళ్ళు ఇంట్లోనే కూర్చుని కంపెనీ చొక్కాలకు గుండీలు కుట్టేవారు. కుట్టినన్నాళ్ళే ఇక్కడ తనకు చోటు, కళ్ళు పోయాయని తెలిస్తే పెద్దకొడుకు ఇంటికి సాగనంపేస్తారు అని ముసలావిడ నమ్మకం. కిందటేడు అక్కడి వెనకగదిలో పలకరించే దిక్కులేక గోడలతో మాట్లాడుకుంది. ఆ గది తలుచుకుంటేనే కాళ్ళూ చేతులూ చల్లబడేవి.

అలాంటి ఇంటికి సర్వే అమ్మాయి వచ్చింది. ఎవరికి పని ఉంది, ఎవరికి లేదు, లేనివాళ్ళలో వెతుక్కునేవాళ్ళెందరు అని సర్కారు లెక్క తీస్తోందట.  పని లేదని రాశారంటే తన మూట కట్టినట్టే అనుకుంది ముసలావిడ. ఆ లెక్కకూ ఆవిడ మూటకూ సంబంధం లేదని చెప్పేవాళ్ళెవరు?

తన మొగుడు లారీ తోలతాడని కోడలు చెప్పింది. తర్వాత వంతు ముసలావిడది.

"పోయిన వారంలో మీరేమైనా పని చేశారా మామ్మగారూ? ఒక్క గంట చేసినా చేసినట్టే లెక్క."

ఒక్క గంటేనా! ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. రోజూ గుండీలు కుడతానని గట్టిగా చెప్పింది. అమ్మాయి ఆవిడ ఒళ్ళోని చొక్కా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.  అందులో ఏం కనబడిందో ముసలావిడకు తెలిసే దారి లేదు. 

"పని చేయలేనివాళ్ళను విడిగా రాసుకుంటాం మామ్మగారూ. అందులో తప్పేం లేదు" అంది అమ్మాయి మెల్లగా.

అయిపోయింది అనుకుంది ముసలావిడ. అంతలో కోడలు చొక్కా లాక్కుంది.

"చేస్తానని చెప్పింది కదా, రాసుకో. నేనెన్ని గంటలు చేస్తే ఆవిడా అన్ని గంటలు చేస్తుంది."

అమ్మాయి రాసుకుంది. ఇవే ప్రశ్నలు అడగడానికి మూడు నెలలకు మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

ముసలావిడ గుండెలో మళ్ళీ రాయి పడింది. అప్పటికి కళ్ళలో ఈ మాత్రం వెలుతురైనా మిగులుతుందా? పక్కన టప్ టప్‌మని దారాలు తెగుతున్న చప్పుడు వినబడింది. తాను కుట్టిన గుండీలను తిరిగి కుట్టడానికి కోడలు విప్పుతోంది. ఆ చప్పుడు కొత్తదేమీ కాదు. రోజూ మధ్యాహ్నం కునుకులో వినేదే.

"ఎప్పట్నుంచి తెలుసమ్మా నీకు?"

"వానలు మొదలైనప్పట్నుంచి."

"మరి... ఆ పిల్ల మళ్ళీ వస్తే?"

"మళ్ళీ ఇదే చెబుతా. నాకు నోరెక్కువని మీరే అంటారుగా అత్తయ్యా."

కోడలు దారం ఎక్కించిన సూదిని ఆవిడ వేళ్ళ మధ్య పెట్టింది. ముసలావిడ చొక్కా కోసం తడుముకుంది.