ఫొటో వెళ్తోంది, ఫోన్ చేయకండి

ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకి వంతెన మూడో స్తంభం జానెడు లోతుకి కుంగింది. ఎవరికీ ఏమీ కాలేదు. పగులుకి రెండడుగుల ముందు బస్సు ఆపేసిన డ్రైవరు కిందికి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ సందులోకి తొంగి చూస్తూ నిలబడ్డాడు. అదే బస్సులో ఉన్న కుర్రాడొకడు కిందికి దూకి తన కొత్త కెమెరా ఫోనుతో ఒక ఫొటో కొట్టాడు. అలాంటి ఫొటో ఊరు మొత్తం మీద అతని ఒక్కడి దగ్గరే ఉంది. అతని వదినేమో ఈ ఒడ్డున పత్రికా విలేఖరి. ఇంతకంటే అదృష్టం ఇంకేం కావాలి అనుకుంటారు ఎవరైనా. ఆవిడ కూడా ఓ పావుగంట సేపు అలాగే అనుకుంది, పాపం.

మామూలు రోజుల్లో ఆవిడ ఫిల్ము రీలుని సాయంత్రం బస్సుకిచ్చి పంపేది. ఆ బస్సు వెళ్లాల్సింది ఆ వంతెన మీదే. ఉన్న ఒక్క ఇంటర్నెట్ షాపూ అవతలి ఒడ్డునే ఉంది. పోలీసులు మనిషిని కాదు కదా, కుక్కని కూడా దాటనివ్వడం లేదు. సరిగ్గా నాలుగింటికి పేపరాఫీసు నుంచి డెస్క్ ఇన్‌చార్జి ఫోన్ చేశాడు.

"ఆరింటికల్లా ఫొటో నా ముందుండాలి. లేదంటే అవతలి ఒడ్డు విలేఖరి తీసింది వేసుకుంటాను. సోమవారం నుంచి రెండు ఒడ్లూ అతనే చూసుకుంటాడు. ఒక్క ఏటికి ఇద్దరెందుకు మనకి?" అన్నాడు. ఆవిడ బదులు చెప్పేలోపే పెట్టేశాడు. ఆయన ఎప్పుడూ అంతే.

రెండేళ్లు ఎండనకా వాననకా సైకిలు తొక్కి సంపాదించుకున్న ఉద్యోగం అది. ఆరింటికల్లా ఫొటో వెళ్లకపోతే ఊడిపోతుంది. అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

ఇక ఆ ఇంట్లో ఉన్న యంత్రాల సంగతి. మరిది ఫోనులో కెమెరా ఉంది కానీ ఇంటర్నెట్ పట్టే జీపీఆర్ఎస్ లేదు. "సెట్టింగుల మెసేజ్ వస్తుంది, ఇరవై నాలుగ్గంటలు ఆగండి" అని కంపెనీ వాళ్లు చెప్పి పదకొండు రోజులైంది. వదిన ఫోనులో జీపీఆర్ఎస్ ఉంది, ఈమెయిలు వెళ్తుంది, కానీ కెమెరా లేదు. అతని ఫోనుకి బ్లూటూత్ ఉంటే ఆవిడ ఫోనుకి లేదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే. అంటే రెండు ఫోన్లనీ బల్ల మీద తలకి తల ఎదురుగా, బెత్తెడు దూరంలో పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. కనపడని వెలుతురేదో దీన్నుంచి దానికి ఫొటోని మోసుకెళ్తుందట. మధ్యలో చెయ్యి అడ్డం పెడితే అంతా మొదటికి.

"అదెంతసేపు వదినా! మొన్నామధ్య మా ఫ్రెండుకి ఇలాగే పంపాను. రెండు నిమిషాల్లో వెళ్లిపోయింది" అన్నాడు మరిది.

పంపాడు. 'పరికరం కనపడలేదు' అంది ఫోను. జరిపి పెట్టి మళ్లీ పంపాడు. కనపడలేదు. ఎండ పడుతోందేమోనని కిటికీ పరదా దించారు. బల్ల ఎగుడుదిగుడుగా ఉందేమోనని కాలి కింద అట్టముక్క దోపారు. ఫోన్ల కింద పుస్తకాలు పెట్టారు, తీశారు. కనపడలేదు, కనపడలేదు, కనపడలేదు. పైగా మరిది ప్రతి అరనిమిషానికీ "ఎంతవరకొచ్చిందో చూద్దాం" అంటూ ఫోను చేతిలోకి తీసుకునేవాడు.

"నువ్వు దాన్ని ఎత్తితే అది దేన్ని చూస్తుంది? నా మొహాన్నా?" అని వదిన నెత్తి కొట్టుకుంది.

నాలుగూ నలభైకి అత్తగారు టీ గ్లాసులు తెచ్చి సరిగ్గా రెండు ఫోన్ల మధ్యనే పెట్టింది. ఆవిడ మీద అరవలేక వదిన తన జుట్టు తానే పీక్కోబోయింది. గ్లాసు పక్కకి జరుపుతూ మరిది ఫోను వైపు చూసింది. చూసి అలాగే ఉండిపోయింది.

ఇక్కడ అత్తగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకీ తొడుగు కుడుతుంది. రేడియోకి తొడుగు, టీవీకి తొడుగు, టీవీ తొడుగు మాసిపోకుండా దాని మీద ఇంకో తొడుగు. చిన్నకొడుకు ఫోను రెండుసార్లు కింద పడేసుకున్నాడని పోయిన వారం పాత సంచీ చింపి, రెండు పొరల రెగ్జిన్‌తో దానికీ ఒకటి కుట్టేసింది. తెరకి కిటికీ, కెమెరాకి కన్నం, మీటలకి చోటు, అన్నీ ముచ్చటగా వదిలింది. ఫోను తల మీద ఆ కనపడని వెలుతురు బయటికొచ్చే నల్లటి గాజుముక్కని మాత్రం ఎందుకూ పనికిరానిదనుకుని కప్పేసింది. నాలుగు వైపులా కుట్టు. విప్పే దారే లేదు.

"మీ ఫ్రెండుకి పంపింది ఎప్పుడు? అత్తయ్య ఇది కుట్టకముందా, కుట్టాకా?" అని అడిగింది వదిన, పళ్లు బిగబట్టి.

మరిది కాసేపు ఆలోచించాడు. "ముందే" అన్నాడు చిన్నగా.

వదిన కత్తెర తెచ్చింది. అత్తగారు ఫోనుని గుండెకి హత్తుకుంది. "నాలుగు సాయంత్రాలు కూర్చుని కుట్టానమ్మాయ్! కళ్లు పోయాయి నాకు."

"అత్తయ్యా, మీకు దండం పెడతాను. నా ఉద్యోగం ఆ కుట్టు లోపల ఇరుక్కుపోయింది" అంది వదిన. కోపమో ఏడుపో ఆవిడకే తెలియలేదు.

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది. కత్తెర లాక్కుని తానే ఒక్కో కుట్టూ తెంపింది, గొణుగుతూ, చిన్నకొడుకుని తిడుతూ. ఫోను బయటపడింది. రెండు నిమిషాల్లో ఫొటో వదిన ఫోనులోకి వచ్చి కూర్చుంది. అప్పుడు టైము ఐదూ పావు.

ఇంక ఈమెయిలు పంపడమే కదా! వదిన నొక్కింది. తెర మీద గీత పాకడం మొదలైంది. సగానికొచ్చేసరికి ఫోను మోగింది. ఆ ఫోనుకో రోగం ఉంది. ఎవరైనా ఫోన్ చేస్తే చాలు, పంపుతున్నది ఆపేసి మళ్లీ మొదటికి తెస్తుంది.

"ఇంకా రాలేదేం?" అన్నాడు ఇన్‌చార్జి.

"పంపుతున్నాను సార్, మీరు ఫోన్ చేస్తే..."

"సాకులొద్దు. నేను ఈ డెస్కులో ఇరవై ఏళ్లనుంచీ ఉన్నాను..." అంటూ ఆ ఇరవై ఏళ్లూ వినిపించి పెట్టేశాడు.

వదిన మళ్లీ నొక్కింది. గీత ముప్పాతిక దాకా పాకింది. ఫోను మోగింది. ఆయనే. మళ్లీ నొక్కింది. మళ్లీ ఆయనే. ఆవిడ చెప్పబోతుంది, ఆయన చెప్పనివ్వడు. మరిది తన ఫోను నుంచి ఆఫీసుకి చేసి చెబుదామని చూశాడు.

"ఎంగేజ్ వస్తోంది వదినా. ఆయన నీకే చేస్తున్నాడనుకుంటా."

ఐదూ యాభై ఐదుకి ఆరోసారి మోగింది. "ఇంకో ఐదు నిమిషాలు చూస్తా. నీకు చేతకాకపోతే..."

"సార్!" అంది వదిన. వంటింట్లో గిన్నె సర్దుతున్న అత్తగారు పరుగెత్తుకొచ్చింది. "ఫొటో రాకపోవడానికి కారణం మీరే! మీరు ఫోన్ చేసినప్పుడల్లా అది ఆగిపోతోంది. ఐదుసార్లు చెప్పబోయాను. మీరు చెప్పనిస్తేగా! రెండేళ్లుగా మీరు చెప్పడమే, నేను తలూపడమే. ఇప్పుడు ఫోన్ పెట్టేయండి. ఫొటో చేరేదాకా దాన్ని ముట్టుకోకండి!"

ఈసారి ఆవిడే పెట్టేసింది. వెంటనే మళ్లీ నొక్కింది.

"ఆయన మీ పెద్దసారేనా అమ్మాయ్?" అంది అత్తగారు.

"అవునత్తయ్యా."

"అయితే ఉద్యోగం పోయినట్టేనా?"

"ఏమో."

గీత పాకింది. ఎవరూ కదల్లేదు. ఆరూ మూడుకి 'పంపబడింది' అని వచ్చింది. ఎవరికీ సంతోషం రాలేదు. ఇందాకటిదాకా ఫోను మోగకూడదని మొక్కుకున్న మనిషి ఇప్పుడది మోగాలని మొక్కుకుంది. ఆరూ పది. ఆరూ పావు. అవతలి ఒడ్డు విలేఖరి పేరు అచ్చయిపోతున్నట్టే కనిపించింది ఆవిడకి.

ఆరూ ఇరవైకి మోగింది.

"ఫొటో వచ్చింది. మొదటి పేజీలో వేశాం. ఆరు నిమిషాలు పేజీ ఆపాను" అన్నాడు ఇన్‌చార్జి. "ఇరవై ఏళ్లలో నాతో ఎవరూ అలా మాట్లాడలేదు."

క్షమించమనే మాట అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది. వదిన దాన్ని మింగేసింది.

"మీరు నన్నొక్క మాట మాట్లాడనిచ్చి ఉంటే ఫొటో ఐదున్నరకే వచ్చేదండీ" అంది.

అవతల ఎవరిదో టైపు మిషను టకటకలాడింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సోమవారం ఇంజినీర్లు వస్తున్నారట, వంతెన చూడటానికి. నువ్వే వెళ్లు."

"వెళ్తానండీ."

"మధ్యలో ఎంతవరకొచ్చిందో కనుక్కోవడానికి..." ఆయన ఆగాడు. "నువ్వే ఫోన్ చెయ్యి. నేను చెయ్యను."